మిద్దె మీద నలభై కుండీలు, ఫోన్లో అరవై మూడు పనులు

ఒంగోలు నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్నకి ఇది జవాబు. అయిదు సెంట్లలో ఇల్లు. వెనక నల్లరేగడి పెరట్లో ఒక మామిడి, ఒక నిమ్మ, మునగ, కరివేపాకు, రెండు మల్లె పొదలు. మిద్దె మీద నలభై కుండీలు. ఉగాదికి ఫోన్లో ఒక యాప్ వేసుకుని ఏడాది తోటపనులన్నీ తారీఖులతో సహా ఎక్కించాడు. మొత్తం 63. ఇప్పుడు అక్టోబరు మొదటి వారం. అందులో 41 పనులు గడువు దాటి ఎర్రగా కనిపిస్తున్నాయట. "పొద్దున్నే ఫోన్ తెరిస్తే టెన్షన్. అసలు తోటకి లిస్టు అవసరమా? ఇన్నేళ్ళుగా చేస్తున్నవాళ్ళు ఎలా రాసుకుంటారు?" అని అడిగాడు.

తమ్ముడూ, మాది నెల్లూరు. పాతికేళ్ళ కిందట ఇల్లు కట్టినప్పుడు వేసిన మామిడి ఇప్పుడు మిద్దె దాటిపోయింది. లిస్టులు రాయడంలోనూ, రాసి పాడుచేసుకోవడంలోనూ నాకు అంత అనుభవం ఉంది.

లిస్టు అవసరమే. పది కుండీలున్నప్పుడు అక్కర్లేదు, అన్నీ కళ్ళ ముందే ఉంటాయి. నలభై కుండీలూ అయిదారు చెట్లూ అయ్యేసరికి చిక్కు వస్తుంది. తోటలో చాలా పనులు, వాటి అవసరం కంటికి కనిపించేసరికే ఆలస్యమైపోయి ఉంటాయి. షేడ్ నెట్ కట్టాల్సిందని ఆకులు మాడాక తెలుస్తుంది. మిద్దె మీద నీళ్ళు పోయే గొట్టం మూసుకుపోయిందని వాన పడ్డాక తెలుస్తుంది. అందుకే ముందుగా రాసిపెట్టుకోవాలి. మీరు రాసుకోవడం తప్పు కాదు, రాసుకున్న తీరులోనే ఇబ్బంది.

మీరు ఫోటో తీసి పెట్టిన లిస్టు చదివాను. "జూన్ 10: బెండ, గోరుచిక్కుడు విత్తనాలు." "ప్రతి ఆదివారం: అన్ని చెట్లకీ నీళ్ళు." "15 రోజులకోసారి: వేపనూనె." "అక్టోబరు 5: తోట శుభ్రం." ఈ నాలుగు చాలు, మిగతా యాభై తొమ్మిదీ ఎలా ఉంటాయో చెప్పడానికి.

ముందు జూన్ 10 సంగతి. ఇది తెలంగాణ వైపు వాళ్ళ వీడియో చూసి రాసుకున్నదని నా అనుమానం. అక్కడ జూన్ నడిమికి నైరుతి వానలు అందుకుంటాయి, విత్తనం వేస్తే లేస్తుంది. మన గడియారం వేరు. నెల్లూరు జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరులోనే పడుతుంది. ఒంగోలు వైపు నైరుతి, ఈశాన్యం ఇంచుమించు చెరిసగం. మార్కాపురం, గిద్దలూరు వైపు పోయేకొద్దీ నైరుతి వాటా పెరుగుతుంది. మృగశిర కార్తెకి ముంగిళ్ళు చల్లబడతాయంటారు గానీ, మన ముంగిళ్ళు చల్లబడవు. జూన్ అంతా పడమటి గాలి ఈడ్చి కొడుతుంది. పొద్దున నీళ్ళు పోసిన కుండీ మధ్యాహ్నానికి మళ్ళీ వాలిపోతుంది. ఆ గాలిలో మీ బెండ విత్తనాలు మొలవలేదంటే మీ చేతి తప్పు లేదు. ఆ ఎర్రగీతని నిశ్చింతగా కొట్టేయండి.

కాబట్టి వేరే ఊరి లిస్టు తెచ్చుకోవద్దు. నాది కూడా ఉన్నదున్నట్టు తీసుకోవద్దు. మాది ఇసుక పాలు ఎక్కువున్న నేల, మీది నల్లరేగడి. మా పెరట్లో వాన ఆగిన మర్నాడు పార పట్టొచ్చు. మీ పెరట్లో పడితే పారకి మట్టి ముద్ద అతుక్కుని వస్తుంది, ఆరాక అదే ముద్ద రాయవుతుంది. ఒకే పనిని నేను "వాన ఆగిన మర్నాడు" అని రాసుకుంటే, మీరు "పిడికిట్లో నొక్కి వదిలిన మట్టి వేళ్ళకి అంటకుండా విరిగినప్పుడు" అని రాసుకోవాలి.

ఇక తారీఖులు. నేను మొదట్లో తారీఖుల బదులు పండగలకి ముడిపెట్టి రాసేదాన్ని. వినాయక చవితికి వంగ, టమాటా నారు పోయాలి, దీపావళికి కొత్తిమీర చల్లాలి, ఇలా. గుర్తుండటానికి బాగుంటుంది. రెండు మూడేళ్ళు గడిచాక, ఒక ఏడు కుదిరింది ఇంకో ఏడు ఎందుకు కుదరదో అర్థమయ్యేది కాదు. తర్వాత వెలిగింది. ఈమధ్య ఏళ్ళే చూడండి: 2023లో దీపావళి నవంబరు 12న వచ్చింది. 2024లో అక్టోబరు 31న, 2025లో అక్టోబరు 20న. మూడేళ్ళలో ఇరవై మూడు రోజులు ముందుకి జరిగింది. పండగ చంద్రుణ్ణి బట్టి వస్తుంది, మొక్క ఎండని బట్టి పెరుగుతుంది. నవంబరు పన్నెండున చల్లితే లేచిన కొత్తిమీర, అక్టోబరు ఇరవైన చల్లితే జడివానకి కొట్టుకుపోవడంలో వింతేముంది?

కార్తెలు అలా జరగవు. అవి సూర్యుణ్ణి బట్టి వస్తాయి గనక ఏటా ఇంచుమించు అదే తారీఖు. రోహిణి మే 25 ప్రాంతంలో, మృగశిర జూన్ 8 ప్రాంతంలో, స్వాతి అక్టోబరు 24 ప్రాంతంలో. ఒకరోజు అటూ ఇటూ అంతే. ఏడాదికి ఇరవై ఏడు కార్తెలు, ఒక్కోటి పదమూడు పద్నాలుగు రోజులు. పెద్దవాళ్ళు మనకి తయారుచేసి పెట్టిన లిస్టు చట్రం అది. గోడమీద తెలుగు క్యాలెండర్లో ఏ కార్తె ఎప్పుడు మొదలయ్యేదీ అచ్చేసి ఉంటుంది. పాల ప్యాకెట్ల లెక్కా, గ్యాస్ బుక్ చేసిన రోజూ ఎలాగూ ఆ గడుల్లోనే రాస్తాం కదా.

నా పద్ధతి ఇదీ. ఒక పొడుగాటి నోటుబుక్కు. కార్తెకి రెండు పేజీలు, ఎడమా కుడీ. పైన కార్తె పేరు, దాని తారీఖులు. ఎడమ పేజీలో ఆ కార్తెలో చేయాల్సిన పనులు, అయిదుకి మించకుండా. కుడి పేజీ ఖాళీ. దాని సంగతి తర్వాత చెబుతాను, అసలు సరుకు అక్కడే ఉంది.

అయిదే ఎందుకంటే, పదమూడు రోజుల్లో రెండు ఆదివారాలొస్తాయి. ఒకటి పెళ్ళికో చుట్టాలకో పోతుంది. మిగిలిన ఒక్క ఆదివారం పొద్దున మూడు గంటలు, మధ్యలో అరగంటలు రెండు. అందులో పట్టేవి అయిదే. ఆరోది రాయబుద్ధయితే ముందు ఉన్నవాటిలో ఒకటి కొట్టేయాలి. మొదట్లో నేనూ పద్దెనిమిది రాసేదాన్ని.

నీళ్ళు పోయడం, ఎండుటాకులు ఏరడం, ఆకు తిప్పి చూడటం ఇందులో రాయొద్దు. పళ్ళు తోముకోవడం లిస్టులో రాస్తామా? రోజూ చేసేవి రాస్తే అసలు పనులు వాటికింద దాక్కుంటాయి. వారానికోసారి చేసేది మాత్రం నాకొకటుంది. ప్రతి శుక్రవారం కుండీల కింద పళ్ళాలు, డ్రమ్ములు, పాత బకెట్లు వంచి ఆరబెడతాను. డెంగీ దోమ గుడ్డు రెక్కలొచ్చి ఎగరడానికి వారం పది రోజులు చాలు. వారానికోసారి వంచేస్తే అది పూర్తికాదు. అది క్యాలెండర్ మీద శుక్రవారాల వరసకి పైన చుక్క పెడితే సరిపోతుంది.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. కార్తె ఒక్కటే చాలదు. కార్తె "ఇక కళ్ళు తెరిచి ఉండు" అంటుంది, "ఇప్పుడు చెయ్" అనేది చెట్టో నేలో గాలో చెప్పాలి. అందుకని ప్రతి పని పక్కనా ఒక గుర్తు రాస్తాను. మా పుస్తకంలోంచి కొన్ని చెబుతాను.

రేవతి కార్తెలో, అంటే ఏప్రిల్ మొదటి పక్షంలో, షేడ్ నెట్ కట్టడం. గుర్తు: సాయంత్రం నాలుగింటికి మిద్దె మీద చెప్పుల్లేకుండా నిలబడలేకపోవడం. ఒక్కో ఏడు ఇది మార్చి ఇరవైకే వస్తుంది, ఒక్కో ఏడు ఏప్రిల్ పది దాకా రాదు. కాలు చెప్పినప్పుడే కడతాను. యాభై శాతం నీడనిచ్చే ఆకుపచ్చ నెట్ కూరగాయలకి చాలు.

అంతకు కాస్త ముందు, కుండీల మట్టి మీద వరిగడ్డి కప్పడం. గుర్తు: కోతలు మొదలై రోడ్డు మీద గడ్డి ట్రాక్టర్లు తిరగడం. ఆ వారంలో అడిగితే ఒక మోపు ఊరికే ఇస్తారు. నెలాగి అడిగితే పశువులున్న వాళ్ళు దాచుకుంటారు, మనకి దొరకదు.

మందారానికి పిండినల్లి చూడటం. గుర్తు: కొమ్మ మీద చీమలు వరస కట్టడం. పిండినల్లి వదిలే తీపి కోసం చీమలొస్తాయి. పురుగు మన కంటికి పడేలోపే చీమలు చెప్పేస్తాయి.

నిమ్మకి, కరివేపాకుకి గొంగళి ఏరడం. గుర్తు: లేత ఆకు మీద పిట్ట రెట్టలాంటి మచ్చ. అది రెట్ట కాదు, సీతాకోకచిలుక పిల్ల. పొద్దున్నే చేత్తో ఏరేస్తే మందు పనే లేదు. వారం ఆగితే అది పచ్చగా మారి ఆకులో కలిసిపోయి చిగురంతా నాకేస్తుంది.

మీ "15 రోజులకోసారి వేపనూనె" కూడా ఇలాగే మార్చుకోండి. "ఆకు అడుగున పేనుబంక గానీ తెల్లదోమ గానీ కనిపిస్తే, ఆ సాయంత్రం, లీటరుకి 5 మి.లీ." అని. తారీఖొచ్చింది గదా అని మేలో మధ్యాహ్నం కొడితే ఆకు మాడుతుంది, నవంబరులో కొడితే గంటలో వాన కడిగేస్తుంది.

పని ఎలా రాయాలన్నది ఇంకో సంగతి. "తోట శుభ్రం" అనేది పని కాదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనిది ఏదైనా వాయిదా పడుతూనే ఉంటుంది. మీ 41 ఎర్రవాటిలో సగం ఈ జాతివేనని చూడగానే తెలుస్తోంది. కూర్చుని చదివితే చేతులు ఏం చేయాలో కనిపించేట్టు రాయాలి. "నిమ్మకి ఎరువు" అని కాకుండా, "నిమ్మ మొదలుకి రెండడుగుల దూరంలో గుండ్రంగా పాదు తవ్వి, రెండు తట్టల చివికిన పశువుల ఎరువు, కిలో వేపపిండి వేసి, మట్టి కప్పి నీళ్ళు. ముప్పావు గంట." చివర ఎంతసేపు పడుతుందో రాయడం మర్చిపోవద్దు. ఆఫీసు నుంచొచ్చి అరగంట దొరికినప్పుడు, అరగంట పని ఏదుందా అని వెతుక్కోవచ్చు.

ఇంకోటి, తెచ్చే పనీ చేసే పనీ కలిపి రాయొద్దు. ఆదివారం పొద్దున చేతులకి మట్టి పూసుకున్నాక పురికొస లేదని తెలిస్తే ఆ ఆదివారం అయిపోయినట్టే. తేవాల్సినవి నేను ఒక కార్తె ముందు పేజీలో అడుగున రాస్తాను. రేవతిలో నెట్ కట్టాలంటే ఉత్తరాభాద్ర పేజీలో "నెట్, బైండింగ్ వైరు, నాలుగు మేకులు" అని ఉంటుంది. ఇంట్లో పులియబెట్టి మొక్కలకి పోసే జీవామృతం లాంటివాటికి ఇది మరీ అవసరం. 200 లీటర్ల నీళ్ళకి పది కిలోల ఆవు పేడ, పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, గుప్పెడు పుట్టమన్నో గట్టు మన్నో అని చెబుతారు. మన కుండీలకి అందులో పదో వంతు, 20 లీటర్లు చాలు. కలిపాక నీడలో రెండు రోజులు ఉంచి, పొద్దునా సాయంత్రం కలియబెట్టాలి. అంటే శనివారం పోయాలనుకుంటే గురువారం కలపాలి, పేడ బుధవారానికల్లా ఇంటికి రావాలి. లిస్టులో "శనివారం జీవామృతం" అని ఒక్క ముక్క రాస్తే ఆ శనివారం ఎప్పటికీ రాదు.

మల్లె విషయం కాస్త వివరంగా చెబుతాను, మీకూ రెండు పొదలున్నాయి కాబట్టి. మూల కార్తె పేజీలో, అంటే డిసెంబరు రెండో సగంలో, నాకు ఒకే ముక్క ఉంటుంది: "మల్లెకి నీళ్ళు బంద్." గుర్తు ఇక వానలు లేవని తేలడం: తెల్లారుజామున మంచు పడుతుండాలి, మధ్యాహ్నానికి పాదులో మట్టి నెరలు పడుతుండాలి. పది పన్నెండు రోజులకి ఆకు కళ తప్పి కాస్త పసుపు తిరుగుతుంది. అప్పుడు పూర్వాషాఢ పేజీ తిప్పుతాను, సంక్రాంతి ముందన్నమాట. పొదని మోకాలెత్తున, సన్నగా ఎండిన పుల్లలన్నీ తీసేసి కత్తిరిస్తాను. మిగిలిన కొమ్మలకున్న ఆకు వేళ్ళతో పైనుంచి కిందికి దూసేస్తాను. మొదటిసారి దూసినప్పుడు చంపేశానేమో అని భయమేసింది, పొద చీపురుకట్టలాగా నిలబడింది. పాదు గుల్ల చేసి, ఎరువేసి, నిండా నీళ్ళు. మూడో వారానికి కణుపు కణుపుకీ ఎర్రటి చిగురు. మార్చికల్లా సాయంత్రాలు మా వీధి మొదటికే వాసన తెలుస్తుంది. ఈ నాలుగు మెట్లలో ఏ ఒక్కటి వెనకాముందయినా పువ్వు తగ్గుతుంది. జ్ఞాపకం మీద చేస్తే వెనకాముందు అవుతుంది. నాకు రెండేళ్ళు అయింది.

మీ లిస్టులో ఒక్కటీ లేనిది, నా పుస్తకంలో ఎర్ర ఇంకుతో రాసేది ఇంకొకటుంది: చేయకూడని పనులు. ఇది మామిడి నేర్పింది. ఒకప్పుడు మీలాగే "ఆదివారం అన్ని చెట్లకీ నీళ్ళు" అని రాసుకుని, మొండిగా పాటించేదాన్ని. నవంబరులో వానలు కాస్త తెరిపిచ్చినా పైపు పట్టుకుని మామిడి దగ్గర నిలబడేదాన్ని. మా అత్తగారు అరుగు మీంచి చూసి, "ఏందమ్మాయా, దానికి సెలవే లేకుండా పోస్తుండావు?" అన్నారు. నేను వినలేదు. జనవరిలో వీధిలో చెట్లన్నీ పూతమీదుంటే మాది రాగిరంగు చిగుళ్ళతో ముద్దొస్తూ నిలబడింది. ఆకు చిగురు. ఆ ఏడు ఆవకాయకి కాయలు కొనుక్కున్నాం. మామిడి పూతకొచ్చే ముందు రెండు మూడు నెలలు కాస్త ఎండి విశ్రాంతి తీసుకోవాలి. మన వైపు వానలే దానికి అడ్డం, పైగా మన పైపు కూడానా? ఇప్పుడు విశాఖ కార్తె నుంచి పిందె బఠాణీ గింజంత అయ్యేదాకా ఆ పేజీలన్నిటి మీదా ఎర్రగా "మామిడికి నీళ్ళు వద్దు" అని ఉంటుంది. పూత మొగ్గ దశలో తేనెమంచు పురుగు కనిపిస్తే వేపనూనె, బూడిద తెగులు కనిపిస్తే నీటిలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు. పూత విచ్చుకున్నాక ఏ మందూ వద్దు, తేనెటీగలు వస్తాయి. ఇదీ ఎర్ర ఇంకే.

రోహిణి పేజీలో నా ఎర్ర ఇంకు: "కత్తెర ముట్టొద్దు, కుండీ మార్చొద్దు." రోళ్ళు పగిలే ఎండలో కొమ్మ కోస్తే కోసిన చోటునుంచి ఎండుతూ దిగుతుంది. ఆ పక్షంలో చేయాల్సిన పని ఏదన్నా ఉందంటే, నీళ్ళు పోసి నీడలో కూర్చోవడమే.

కార్తెలతో సంబంధం లేని పేజీ ఒకటుంది. పుస్తకం చివరి అట్టకి లోపలివైపు అతికించాను. దాని పేరు "అల్పపీడనం". మన రెండు జిల్లాల్లో తోట పెంచేవాళ్ళెవరికైనా ఈ పేజీ ఉండాలి. టీవీలో బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వినపడగానే, అప్పుడున్న కార్తె పేజీ మూసేసి దీన్ని తెరుస్తాను. కృష్ణపట్నం రేవులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని పేపర్లో చదివేదాకా ఆగితే నిచ్చెన ఎక్కడానికి టైముండదు.

ఈ పేజీ 2021 నవంబరులో పుట్టింది. పెన్నా పొంగి, కోవూరు దగ్గర హైవే తెగి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయిన ఏడు అది. మా అబ్బాయి విజయవాడ నుంచి రావాల్సినవాడు దారిలోనే ఆగిపోయాడు. ఆ గొడవలో మిద్దె ఎక్కి చూసే తీరిక ఎవరికుంది? మూడో రోజు ఎక్కితే చీలమండల లోతు నీళ్ళు. నీళ్ళు పోయే గొట్టం మూతికి మునగాకు, చిరిగిన నెట్ ముక్క కలిసి చాపలాగా అల్లుకుపోయాయి. పదహారు మిరప కుండీలు మునిగి ఉన్నాయి. నీళ్ళు వదిలాక బాగానే ఉన్నట్టు కనిపించాయి. నాలుగో రోజు ఒక్కొక్కటే తల వంచాయి, లాగితే వేరు నల్లగా జిగురుగా చేతికొచ్చింది. తమాషా ఏంటంటే, "గొట్టాలు శుభ్రం" అని నా లిస్టులో అప్పటికే ఉంది. ముప్పై నాలుగో పని. ముప్పై మూడింటి కింద.

ఇప్పుడు ఆ పేజీలో మొదటి పని అదే. గొట్టం మూతులు చేత్తో తడిమి చూడటం, ఒక బకెట్ నీళ్ళు పోసి వెళ్తున్నాయా అని చూడటం. రెండోది, పిట్టగోడ మీదున్న కుండీలు కిందికి దించడం. మీ కుండీ ఎగిరి కింద నడిచేవాళ్ళ మీద పడితే తోట సంగతి తర్వాత. మూడోది నెట్ విప్పేయడం, విప్పలేకపోతే ఒకవైపు కోసి వదిలేయడం. గాలి పట్టిన నెట్ పైపుల్ని వేళ్ళతో సహా పెకలిస్తుంది. నాలుగోది మునగ కొమ్మలు కోయడం, అది గాలికి మొదట విరిగే చెట్టు. అయిదోది, ఎరువు ఏదీ వేయకపోవడం, వేస్తే కాలవలోకి వేసినట్టే. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేముందు మా మీదుగా వాన కుమ్మరించుకుంటూ పోయింది. ఆ ముందురోజు ఈ అయిదూ గంటంబావులో చేశాను. నాలుగు కుండీలు పోయాయి, అంతే.

ఇక కుడి పేజీ. పని చేశాక టిక్కు కొట్టి మర్చిపోవడమే అందరం చేసేది. యాప్‌లో అయితే టిక్కు కొట్టగానే ఆ పని మాయమైపోతుంది కూడా. నాకది నచ్చదు. పని చేసిన రోజు, ఏడాది వేసి, కుడి పేజీలో ఒక్క లైను రాస్తాను. పుబ్బ కార్తె పేజీ కుడివైపు ఇలా ఉంటుంది: "2021, సెప్టెంబరు 4, టమాటా నారు. నవంబరు వానలో మొత్తం పోయింది." "2022, సెప్టెంబరు 6, సగమే పోశా. మిగతా సగం విశాఖ కార్తెలో. రెండోదే కాసింది." "2023, పుబ్బలో వంగ మాత్రమే. టమాటా విశాఖలో. మేలు." మూడు లైన్లు చదివితే నాలుగో ఏడు ఏం చేయాలో ఎవర్నీ అడగక్కర్లేదు. మా ఇంటి మిద్దె మీద ఏం జరిగిందో చెప్పే పుస్తకం ఇంకెక్కడా దొరకదు కదా.

వరసగా మూడేళ్ళు రాసి మూడేళ్ళూ చేయని పని ఉంటే కొట్టేస్తాను. క్యాబేజీ నాకు అలాంటిదే. పోతే పోయింది, మార్కెట్లో దొరుకుతుంది.

ఊరెళ్ళేటప్పుడు రాసే లిస్టు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అది మనకోసం కాదు. బెంగుళూరులో మా అమ్మాయి దగ్గరికి పది రోజులు వెళ్తూ పనిమనిషికి ఒక పేజీ రాసిచ్చాను, ఏ మొక్కకి ఎన్ని మగ్గులో. తిరిగొచ్చేసరికి కలబంద కుళ్ళింది, పుదీనా ఎండింది. ఆమె తప్పేం లేదు, పుదీనా పేరు తెలుసుగానీ ఇరవై కుండీల్లో ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? ఇప్పుడు కుండీలకి పెయింట్ చుక్కలు పెట్టాను. ఎర్ర చుక్క రోజూ, నీలం చుక్క రోజు విడిచి రోజు, చుక్కలేనిదానికి వారానికోసారి. కాగితమే అక్కర్లేదు.

ఫోన్ పూర్తిగా వదిలేయమనను. నాకు అందులో రెండే అలారాలున్నాయి: కార్తె మారే రోజున "పేజీ తిప్పు" అని ఒకటి, జీవామృతం కలిపిన రెండు రోజులకి మోగేట్టు ఇంకొకటి. ఇవికాక ఫోటోలు. ఆకు మీద మచ్చ కనిపిస్తే ఫోటో తీసిపెట్టుకుంటే, వారం తర్వాత పెరిగిందా తగ్గిందా పోల్చుకోవచ్చు. మీకు పుస్తకం ఇష్టం లేకపోతే ఇదే పద్ధతి ఫోన్లో నోట్స్‌లో ఇరవై ఏడు పేజీలుగా పెట్టుకున్నా నాకేం అభ్యంతరం లేదు, మట్టి చేతులతో తుడుచుకోలేరంతే.

ఇప్పుడు మీ సంగతి. హస్త కార్తె నడుస్తోంది, అక్టోబరు 11 ప్రాంతంలో చిత్త వస్తుంది. ఇరవై ఏడు పేజీలూ ఈ వారమే నింపాలని కూర్చోవద్దు, అది మళ్ళీ ఇంకో 63 అవుతుంది. ఈ కార్తె పేజీ ఒక్కటి రాయండి, చిత్త వచ్చినప్పుడు చిత్త. ఏడాది తిరిగేసరికి పుస్తకం దానంతటదే నిండుతుంది. ఆ 41 ఎర్రవాటిని ఒక్కొక్కటే చదివి, కాలం దాటిపోయినవి నిర్దాక్షిణ్యంగా తీసేయండి. పదో పన్నెండో మిగులుతాయి, వాటిని వాటి వాటి కార్తె వచ్చినప్పుడు చూద్దాం.

హస్త పేజీలో మీకు నేను రాసేవి ఇవి. ఈ రోజే మిద్దె గొట్టాలు, కుండీల అడుగు రంధ్రాలు పుల్లతో పొడిచి చూడటం, గంట పని. నిమ్మలో గజ్జి మచ్చలున్న పుల్లలు వానలు ముదరకముందే కత్తిరించి, లీటరుకి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కొట్టడం, ఎండగా ఉన్న రోజు చూసుకుని. వేసవంతా బోరు నీళ్ళు పోసి కుండీల అంచున తెల్లటి ఉప్పు పేరుకుని ఉంటే, పై అంగుళం మట్టి గీకి తీసేసి వానకి వదిలేయడం. ఆ ఉప్పు కడగడానికి మన బోర్లకన్నా వాన నీళ్ళే మంచివి. నల్లరేగడి పెరట్లో చెట్ల మొదళ్ళ దగ్గర నీళ్ళు నిలవకుండా ఒక పక్కకి చిన్న కాలవ తీయడం, అదీ ఇంకా పొడిగా ఉన్నప్పుడే. ఒక జడివాన పడిందంటే ఇక సంక్రాంతి దాకా మీ పార ఆ నేలలో కదలదు.

అయిదోది మునగ. ఆరేడు అడుగుల పైనున్న కొమ్మలన్నీ కోసేయండి. కోసేముందు కింద బండి లేకుండా చూసుకోండి, మునగ కొమ్మ చెప్పకుండా విరుగుతుంది. ఆకు చాలా వస్తుంది, ఇరుగుపొరుగుకి పంచండి, మీకు పప్పులోకి గుప్పెడు ఉంచుకోండి. కుడి పేజీలో తారీఖు వేసి, ఎన్ని కొమ్మలు తీశారో రాయండి.